కర్ణభేరికి చిల్లు: పొర అతికించడమా, మందుతో మొలిపించడమా?

నా కుడి చెవి వెనక వేలితో తడిమితే సన్నని గీత ఒకటి తగులుతుంది. 2009లో గుంటూరులో కర్ణభేరికి ఆపరేషన్ చేసినప్పటి కోత అది. ఎడమ చెవి వెనక అలాంటిదేమీ లేదు. ఆ చెవికీ చిల్లు ఉండేది, అదీ మూసుకుంది, కానీ కోత పడలేదు. 2022లో, నేను ఉంటున్న జపాన్‌లో, చిన్న స్పాంజి ముక్కను మందులో తడిపి ఆ చిల్లులో పెట్టారు. రెండు చెవులకూ జబ్బు ఒకటే, వైద్యాలు మాత్రం రెండు. అందుకే చుట్టాల్లో ఎవరికి చెవి కారినా నాకే ఫోన్ వస్తుంది. "రెండూ చేయించుకున్నావు కదా, ఏది మేలో చెప్పు" అంటారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు చిల్లు సంగతి. కర్ణభేరి నిలువునా సెంటీమీటరుకు కొంచెం తక్కువగా ఉంటుంది. మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత పలచని దానిలోనూ మూడు పొరలు: బయట చర్మం, నడుమ నారలాంటి పొర, లోపల నోటిలోపలి చర్మంలా తడిగా ఉండే పొర. చెంపదెబ్బకో, పిన్నీసు గుచ్చుకునో కొత్తగా చిరిగితే చాలావరకు తనంతట తానే రెండు మూడు నెలల్లో పూడుతుంది. అప్పుడు వైద్యమంటే చెవిలో నీళ్లు పోకుండా చూసుకోవడం, ఏమీ పోయకుండా ఉండడం. వెల్లుల్లి కాచిన నూనె, చుక్కల మందు, ఏదీ డాక్టరు చెప్పకుండా వద్దు. ఆ రెండు మూడు నెలలు ఓపిక పడితే చాలామందికి మిగతా వ్యాసంతో పని ఉండదు.

మరి పాత చిల్లు ఎందుకు పూడదు? చెవులు కుట్టించిన ప్రతి ఇంట్లోనూ దీనికి జవాబు ఉంది. పాపకు చెవులు కుట్టించిన వారానికే పోగు తీసేస్తే రంధ్రం పూడిపోతుంది. ఏడాది ఉంచితే ఇక పూడదు, ఎందుకంటే రంధ్రం లోపలి అంచంతా చర్మం కట్టేసుకుంటుంది. ఇక్కడ గాయం ఉందన్న సంగతే ఒంటికి తెలియదు. పాత చిల్లు అంచున జరిగేదీ ఇదే. బయటి చర్మం మడతపడి లోపలి పొరను కలుసుకుంటుంది, అంతటితో పెరుగుదల ఆగిపోతుంది. అందుకే పాత చిల్లుకు ఏ పద్ధతిలో వైద్యం చేసినా మొదటి పని ఒకటే: ఆ అంచును గీరి, పచ్చిగాయం చేసి, మానడం మళ్లీ మొదలయ్యేలా చూడడం.

తేడా ఆ తర్వాత వస్తుంది. గాయం అంచులు నడిగాలిలో పాకలేవు. తీగకు పందిరి కావాలి. గుంటూరులో నా కండరం మీది పొరను పందిరిగా వేశారు. జపాన్‌లో జెలాటిన్ స్పాంజితో పందిరి వేసి, తీగ తొందరగా పాకేందుకు ఎరువు కూడా పోశారు. పొర పందిరి చెవిలో శాశ్వతంగా ఉండిపోతుంది. స్పాంజి పందిరి కొన్ని వారాల్లో కరిగిపోతుంది. రెండు వైద్యాల మంచిచెడ్డలు చాలావరకు ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

మొదట మన దగ్గర చేసే ఆపరేషన్. డాక్టర్లు టింపనోప్లాస్టీ అంటారు. చిల్లు మూయడం వరకే అయితే మైరింగోప్లాస్టీ అనీ అంటారు. 1950లలో జర్మనీలో వుల్‌స్టయిన్, జోల్నర్ అనే ఇద్దరు డాక్టర్లు మైక్రోస్కోపు కింద ఈ పనికి ఒక క్రమం ఏర్పరిచారు. తొలిరోజుల్లో చర్మం ముక్క వేసేవారు, అది చెవిలో ఊడిపోయేది, చీము పట్టేది. తర్వాత చెవికి పైన, కణత దగ్గరి కండరాన్ని కప్పి ఉండే పలచని తెల్ల పొరను వాడడం మొదలుపెట్టారు. రక్తం అందకపోయినా కొన్నాళ్లు తట్టుకోగలదు, కోసిన చోటి నుంచే దొరుకుతుంది, మనిషికి లోటూ ఉండదు. ఈ రోజుకీ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనైనా, విశాఖ పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలోనైనా ఎక్కువగా చేసేది దీన్నే. కొందరు చెవి ముందున్న చిన్న గుబ్బలోంచి మృదులాస్థి ముక్క తీసి వేస్తారు. చిల్లు పెద్దదైనప్పుడు, ఒకసారి పొర నిలవనప్పుడు అది గట్టిగా నిలుస్తుంది.

నాకు లోకల్ మత్తు ఇచ్చి చేశారు. చెవి చుట్టూ రెండు వేళ్ల వెడల్పున జుట్టు తీసేశారు. నొప్పి తెలియలేదు కానీ లోపల గీరుతున్న చప్పుడు వినపడింది, చెవిలోనే జరుగుతోంది కదా, తలంతా నిండినట్టుండేది. డాక్టరుగారు మధ్యమధ్యలో "అయిపోవచ్చిందమ్మా, కదలకు" అంటూనే ఉన్నారు. తలకు వారం రోజులు కట్టు. తర్వాత కుట్లు తీశారు. పొర కదలకుండా చెవి నిండా కరిగే దూదిలాంటిది కూరి ఉంచుతారు కాబట్టి నెల పైన ఆ చెవి అసలు వినపడలేదు. "ఆపరేషన్ చేయిస్తే ఉన్నది కూడా పోయిందే" అని అమ్మ ఏడ్చింది. ఇలా జరుగుతుందని ముందే ఒక మాట చెప్పి ఉంటే ఇంట్లో ఆ టెన్షన్ ఉండేది కాదు. మూడు నెలలకు వినికిడి వచ్చింది. ఇంకొకటి కూడా ముందు తెలియలేదు: రుచి తెలిపే నరం కర్ణభేరి వెనకగా పోతుంది, పనిలో దానికి చెయ్యి తగిలితే నాలుక ఆ పక్కన రుచి మారుతుంది. దాదాపు మూడు నెలలు చింతకాయ పచ్చడి తిన్నా కుడి పక్క ఇనుము నాకినట్టే ఉండేది. తర్వాత దానంతటదే సర్దుకుంది.

ఇంత కష్టం చెప్పాను కదా, ఇప్పుడు దాని గొప్ప కూడా చెప్పాలి. చెయ్యి తిరిగిన డాక్టరు చేస్తే పదిలో ఎనిమిది, తొమ్మిది చెవుల్లో పొర నిలుస్తుంది. చిల్లు ఎంత పెద్దదైనా చేయవచ్చు. చెవి తెరిచే ఉంటుంది కాబట్టి లోపలి మూడు చిన్న ఎముకలు కదులుతున్నాయో లేదో కళ్లారా చూస్తారు, విరిగి ఉంటే అక్కడే సరిచేస్తారు. కొలెస్టియటోమా అని, చర్మం లోపలికి పాకి ఎముకను తినేసే జబ్బు ఒకటుంది. అది ఉంటే కనపడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఎండోస్కోపుతో చెవి రంధ్రం గుండానే చేసేస్తున్నారు. వెనక కోత ఉండదు, జుట్టు తీయడమూ తక్కువే. ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) చెవి ఆపరేషన్లు ఉన్నాయి. మీ కేసుకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసేవాళ్లను అడిగితే చెబుతారు.

ఇక జపాన్ పద్ధతి. ఒసాకాలోని కితానో ఆసుపత్రిలో షిన్ఇచి కనెమారు అనే చెవి డాక్టరు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. మందు పేరు ట్రాఫెర్మిన్. గాయం మానేటప్పుడు కణాలను పెరగమని ప్రేరేపించే ప్రోటీన్ మన ఒంట్లోనే ఒకటి ఉంటుంది, దాన్ని ల్యాబ్‌లో తయారుచేసినదే ఇది. జపాన్‌లో 2001 నుంచే మానని పుండ్ల మీద చల్లే స్ప్రేగా దొరుకుతోంది. కనెమారు దాన్ని చెవికి తెచ్చారు. 2019లో జపాన్ ప్రభుత్వం చెవి చిల్లుకు దీన్ని అనుమతించింది, రిటింపా అనే పేరుతో. అక్కడి ఆరోగ్య బీమాలోకి కూడా వచ్చింది. అంటే ఖర్చులో 30 శాతమే రోగి కట్టాలి. జపాన్‌లో పనిచేస్తూ ఆ బీమా ఉన్న మనవాళ్లకూ అదే లెక్క.

ఈ వైద్యంలో స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించడం ఏమీ లేదు. "స్టెమ్ సెల్స్‌తో చెవి బాగుచేస్తాం" అని ఎవరైనా ప్రకటన ఇస్తే అది ఈ వైద్యం కాదు. ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోమని బతిమాలుతున్నాను. "రీజెనరేటివ్" (మళ్లీ మొలిపించే) అన్న మాట అడ్డం పెట్టుకుని జనం జేబులు ఖాళీ చేసేవాళ్లు ఉన్నారు.

ఎలా చేస్తారంటే, ముందు మత్తుమందులో తడిపిన దూదిని కర్ణభేరికి ఆనించి కాసేపు ఉంచుతారు. తర్వాత చిల్లు అంచును సన్నని కొక్కెంతో చుట్టూ గీరుతారు. మందులో నానిన జెలాటిన్ స్పాంజిని చిల్లుకు సరిపడా కత్తిరించి దూరుస్తారు. పైన ఫిబ్రిన్ జిగురు రెండు చుక్కలు వేసి మూసేస్తారు. ఆ జిగురు మనిషి రక్తంలోని ప్లాస్మా నుంచి చేసేది కాబట్టి వేరే కాగితం మీద సంతకం తీసుకున్నారు. నేను కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా అరగంట. ఎదురుగా స్క్రీన్ మీద నా చెవి నాకే కనపడింది: ముత్యం రంగు పొర, దాని కింది భాగంలో కందిగింజ ఆకారంలో నల్లని చిల్లు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. మర్నాడు ఆఫీసుకు వెళ్లాను.

అమ్మకు ఫోన్ చేసి చెబితే నమ్మలేదు. "అదేంటే, తెరవకుండా ఎట్లా అతికిస్తారు? కట్టు కూడా కట్టలేదా?" అంది. వీడియోలో చెవి వెనక చూపిస్తే గానీ ఊరుకోలేదు.

కానీ ఒక్కసారితో అయిపోలేదు. నాలుగు వారాల తర్వాత పైనున్న పొక్కు తీసి చూస్తే కందిగింజంత చిల్లు ఆవగింజంత అయింది, పూర్తిగా మూసుకోలేదు. రెండోసారి పెట్టారు. అప్పుడు మూసుకుంది. ఈ మందును నాలుగు సార్ల దాకా పెట్టవచ్చు, ఒక్కోదానికీ మధ్య నాలుగు వారాల ఎడం. ఆ రెండు నెలలూ ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, చెవిలోకి నీటి చుక్క పోకూడదు. ఆపరేషన్ తర్వాత కూడా ఇవే జాగ్రత్తలు. తలంటు రోజున దూదికి వ్యాజలైన్ రాసి చెవిలో పెట్టుకోవడం గుంటూరులో నేర్చుకున్నాను, ఇక్కడి నర్సుకు చూపిస్తే బాగుందని మెచ్చుకుంది.

అంకెలకు వస్తే కొంచెం నిదానంగా చూడాలి. 2011లో కనెమారు బృందం ప్రచురించిన ఫలితాల్లో మందు పెట్టిన 53 చెవుల్లో 52 మూసుకున్నాయి. మందు లేకుండా ఉత్త స్పాంజి, జిగురు పెట్టిన 10లో ఒక్కటే మూసుకుంది. ఈ అంకెలు చూసి అందరికీ ఆశ పుట్టింది, నాకూ పుట్టింది. తర్వాత ప్రభుత్వ అనుమతి కోసం జరిపిన పరీక్షలో 20 మందికి చేస్తే 15 మందికి పూర్తిగా మూసుకుంది. 98 శాతం కాస్తా 75 అయింది. అమెరికాలో ఇదే ప్రోటీన్‌ను, మందులేని ద్రావణాన్ని పక్కపక్కన పెట్టి ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పరీక్షిస్తే మందు మేలని తేలలేదు. మందు లేనివారిలోనూ చాలా చిల్లులు మూసుకున్నాయి. అంటే అంచు గీరడం, పందిరి వేయడం, ఈ రెండూ చేసే పని మనం అనుకున్నదానికంటే ఎక్కువ కావచ్చు. జపాన్ డాక్టర్ల అనుభవాన్ని నేను కొట్టిపారేయడం లేదు. నా చెవే సాక్ష్యం. కానీ ఒక్క చెవి సాక్ష్యంతో వైద్యాన్ని నిలబెట్టకూడదు.

కాబట్టి చిల్లు మూసుకునే అవకాశం మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆపరేషన్ ఏమాత్రం తీసిపోదు. పెద్ద చిల్లుల్లో ఆపరేషన్ వైపే నేను మొగ్గుతాను. కోత, మత్తు, కట్టు, సెలవు, రుచి నరం, ఇవి లెక్కేస్తే జపాన్ పద్ధతి ఎంతో నయం. ఉద్యోగానికి సెలవు దొరకనివాళ్లకు, గుండె జబ్బో వయసో అడ్డొచ్చి మత్తు ఇవ్వడానికి డాక్టర్లు జంకేవాళ్లకు ఇది నిజంగా వరం. ఫలించకపోయినా దారి మూసుకుపోదు, తర్వాత ఆపరేషన్ చేయించుకోవచ్చు. నా దృష్టిలో దాని అన్నిటికన్నా పెద్ద గుణం ఇదే.

వినికిడి మాటేమిటని చాలామంది అడుగుతారు. కండరం పొర అసలు కర్ణభేరి కన్నా మందం, మొలిచినది పలచన, కాబట్టి మొలిచినదే బాగా వినిపించాలి అని తర్కం. కనెమారు చెప్పేదీ అదే, కొత్తగా మొలిచిన పొర అసలుదానికి దగ్గరగా ఉంటుందని. నా ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష కాగితంలో, ఎడమ చెవి కుడి కన్నా 5 డెసిబెల్స్ మెరుగు. అదే మనిషికి రెండు రోజుల తేడాతో పరీక్ష చేసినా 5 అటూ ఇటూ అవుతుంది. ఫోన్ ఏ చెవికి పెట్టుకున్నా నాకు తేడా తెలియదు. పొర మీద పెట్టే శ్రద్ధ ఎముకల మీద పెట్టడం మంచిది. ఉత్త చిల్లు వల్ల పోయే వినికిడి మహా అయితే 40 డెసిబెల్స్ దాకా. అంతకు మించి పోయిందంటే ఎముకల గొలుసు తెగి ఉండవచ్చు. అప్పుడు చిల్లు ఎంత అందంగా మూసినా వినపడదు.

దీన్ని ముందే పట్టుకునే చిన్న పరీక్ష ఒకటుంది. నాకు గుంటూరులోనూ చేశారు, ఇక్కడా చేశారు. తడిపిన చిన్న ముక్కను చిల్లు మీద తాత్కాలికంగా మూతలా పెట్టి వినికిడి చూస్తారు. గుంటూరులో ఆ ముక్క పెట్టగానే పైన తిరుగుతున్న ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. చిన్నప్పటి నుంచి ఆ చెవికి ఫ్యాను వినపడలేదు. మూత పెడితే మెరుగైతే ఎముకలు బాగున్నట్టు, ఏ పద్ధతైనా ఫలించవచ్చు. మెరుగు కాకపోతే స్పాంజి పద్ధతి గురించి ఆలోచించకండి, లోపల తెరిచి చూడాల్సిందే.

జపాన్ మందు ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. చెవి కారుతుంటే పెట్టరు. కొలెస్టియటోమా ఉంటే పెట్టరు. చెవి రంధ్రం వంకరగా ఉండి చిల్లు అంచు చుట్టూ కనపడకపోతే కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చోట క్యాన్సర్ ఉన్నవాళ్లకు, గతంలో వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు. కణాలను పెంచే మందు మంచి కణాలనూ చెడ్డ కణాలనూ వేరుచేసి చూడదు.

మధ్యేమార్గాలు కొన్ని మన ఊళ్లలోనే ఉన్నాయి. ఆవగింజంత చిల్లుకు అంచున యాసిడ్ తాకించి కాగితం ముక్క అతికిస్తారు, నాలుగైదుసార్లు వెళ్లాల్సి వస్తుంది. చెవి తమ్మెలోంచి కొవ్వు ముక్క తీసి బిరడాలా పెట్టడం ఇంకొకటి, చిన్న చిల్లులకు బాగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ. సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్ల ముద్దను వాడే పీఆర్‌పీ పద్ధతి కూడా చాలాచోట్ల చేస్తున్నారు. ఆపరేషన్‌కు తోడుగా వాడితే అభ్యంతరం లేదు, దానికోసం అదనంగా పెద్ద మొత్తం అడిగితే మాత్రం ఇంకో డాక్టరును కలవండి.

దీనికోసం ఇండియా నుంచి జపాన్ రావచ్చా అని అడుగుతారు. నేను వద్దంటాను. బీమా ఉండదు, మొత్తం మన చేతి డబ్బే. ఒక్కసారితో పూడుతుందన్న హామీ లేదు, నాలుగు వారాలకోసారి చూపించుకోవాలి. వైద్యం అయిన వెంటనే విమానం ఎక్కితే గాలి ఒత్తిడికి చెవి మీద భారం పడుతుంది. ఇక్కడ ఉంటున్నవాళ్లయితే తప్పకుండా అడగండి. చెవి ఆపరేషన్లలో అనుభవం ఉన్న డాక్టరున్న చోటుకే పంపుతారు, వీధి చివరి క్లినిక్‌లో చేయరు. భాష రాకపోతే ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, సంతకం పెట్టే కాగితాలు చదివించుకోండి.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. మందు ఇండియాకు వస్తుందేమో అని చెవి చిల్లుతోనే ఏళ్లు గడిపేస్తున్నవాళ్లు. తెరిచిన చెవిలోకి నీళ్లు పోతాయి, చీము పడుతుంది, చీము ఎముకలను తినేస్తుంది. ఈ రోజు పొరతో తేలిగ్గా పూడే చిల్లు ఐదేళ్లకు ఎముకల ఆపరేషన్ కావచ్చు. చీముతో కారే చెవులు ఎక్కువున్న దేశాల్లో మనది ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లోనే చెప్పింది. మనకున్న ఆపరేషన్ పాతబడింది కాబట్టి తక్కువది అనుకోకండి. పాతబడింది అంటే లక్షల చెవుల మీద నిగ్గుతేలింది అని.

తెనాలిలో మా అన్నయ్య కూతురికి ఎడమ చెవి చిల్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. మూడు నెలలుగా చెవి ఎండి ఉంది, మూత పరీక్షలో వినికిడి మెరుగైంది. "అత్తా, నీ మందు వచ్చేదాకా ఆగనా? జుట్టు తీసేస్తారంటగా" అని అడిగింది. ఆగొద్దని చెప్పాను. ఎండోస్కోపుతో చేసే డాక్టరుంటే జుట్టు సంగతి కూడా అడగమన్నాను. పరీక్షలయ్యాక మే నెలలో తేదీ ఇచ్చారు. నెల పైన ఆ చెవి వినపడదనీ, భయపడొద్దనీ ఈసారి ఇంట్లో అందరికీ నేనే ముందుగా చెప్పాను. అమ్మకు మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.